ఆరింటికి ఈలేసే పిట్ట

ఏప్రిల్ సగం దాటిందంటే చాలు, నా ఫోనుకు పిట్టల ఫొటోలు రావడం మొదలవుతుంది. పంపేవాళ్లలో చుట్టాలుంటారు, చుట్టాల స్నేహితులుంటారు, నా నంబరు ఎక్కడ దొరికిందో చెప్పనివాళ్లూ ఉంటారు. ఫొటోలన్నీ ఒకే తీరు. వసారా మూలనో, మెట్ల కిందనో, వాషింగ్ మెషీన్ చాటునో ముడుచుక్కూర్చున్న గుప్పెడంత రంగుల పిట్ట. కింద ప్రశ్నలూ ఇంచుమించు ఒకటే. "ఇది పాలపిట్ట పిల్లే కదండీ?" "లకుముకి పిట్టలా ఉంది, చెరువు ఎండిపోయి ఇటొచ్చిందా?" "ఎవరో పంజరంలో పెంచుకుంటున్న ఫారిన్ పిట్ట ఎగిరొచ్చినట్టుంది, ఎవరికప్పజెప్పాలి?"

మూడూ కాదు. అది పొన్నంగి పిట్ట. అచ్చంగా మన దేశపు పిట్ట. మీ ఇంటికి రావడం దాని ఉద్దేశమూ కాదు, రాత్రి ప్రయాణంలో అలిసిపోయి దిగింది.

పేరు ఎప్పుడూ వినలేదంటారా? అందులో మీ తప్పేం లేదు. మన రెండు రాష్ట్రాల్లో చాలా చోట్ల అది ఏడాదికి రెండు విడతలు వచ్చిపోయే బాటసారి. భరణి, కృత్తిక కార్తెల ఎండల్లో ఉత్తరానికి పోతుంది. హస్త, చిత్త కార్తెల్లో దక్షిణానికి తిరిగొస్తుంది. పోయేది చీకట్లో. పగలు దిగినా ఏ తుప్పల నీడలోనో ఎండుటాకుల మధ్య గడిపేస్తుంది. మనం చూసేదెప్పుడు?

సరే, ఇప్పుడు మీ వసారాలో ఉన్నదాన్ని పోల్చుకోవడమెలాగో చూద్దాం. మొదటి పని, రంగులు పక్కన పెట్టండి. ఈ పిట్ట విషయంలో జనం పొరబడేదంతా రంగుల దగ్గరే. రెక్క మీద కాస్త నీలం కనబడగానే పాలపిట్ట అనేస్తారు, లకుముకి అనేస్తారు. కాళ్లు చూడండి. లకుముకి కాళ్లు ఉన్నాయా లేవా అన్నంత పొట్టివి, కొమ్మ పట్టుకోవడానికే తప్ప నడకకు పనికిరావు. పైగా దాని ముక్కు బాకంత పొడుగు. పొన్నంగివి సన్నగా, పొడుగ్గా, నేల మీద బతకడానికి పుట్టిన కాళ్లు. తర్వాత తోక చూడండి. ఎంత వెతికినా కనబడదు. ఉన్నది పేరుకే, రెక్కల అంచుకు కాస్త దాటితే ఎక్కువ. గుండ్రటి ఒళ్లు, నిటారు నిలుపు, తోక లేకపోవడం, అన్నీ కలిసి కోడిగుడ్డుకు కాళ్లు మొలిచినట్టుంటుంది. పొడుగు పంతొమ్మిది సెంటీమీటర్లకు మించదు, అంటే గోరింక కంటే చిన్నది. పాలపిట్ట గోరింక కంటే పెద్దది, ఎండ బాగా తగిలే కరెంటు తీగ మీద అందరికీ కనబడేలా కూర్చునే రకం. పొన్నంగి తీగెక్కి కూర్చోవడం నేను చూడలేదు, చూసినవాళ్లుంటే ఉత్తరం రాయండి.

పచ్చగా ఉంది కాబట్టి పసిరిక పిట్టేమో అని కూడా కొందరంటారు. పసిరికది వంపు తిరిగిన సన్నటి ముక్కు, తోక మధ్యలోంచి సూదుల్లా రెండు ఈకలు పొడుచుకొస్తాయి. రెండు నిమిషాలు చూస్తే మళ్లీ జన్మలో పొరబడరు.

అసలు పొన్నంగితో పోటీకొచ్చేది వేరే ఉంది. నారింజ రంగు తల, బూడిద నీలం వీపు ఉండే థ్రష్. అదీ నీడలోనే తిరుగుతుంది, అదీ ముక్కుతో ఎండుటాకులు ఎగరేసి కింద పురుగులు ఏరుకుంటుంది. తోటలో దూరం నుంచి, ఆకుల అలికిడి విని చూసినప్పుడు రెంటికీ తేడా వెంటనే తెలియదు. అక్కడ కూడా తోకే సాక్ష్యం. థ్రష్‌కు చక్కటి తోక ఉంటుంది. ఇంకొకటి, పొన్నంగికి కంటి మీదుగా మెడ దాకా నల్లటి పట్టీ, దాని పైన తెల్లటి కనుబొమ గీత ఉంటాయి. ఒడిశాలో భితర్‌కనిక మడ అడవులకు వెళ్లేవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. అక్కడ దీని దాయాది ఒకటుంది, మడ అడవుల పిట్టా. మొదటి చూపుకి కవలలే. దాని ముక్కు బరువైనది, తెల్ల కనుబొమ ఇంత కొట్టొచ్చినట్టు ఉండదు, నెత్తి ముదురు గోధుమ రంగు. బురదలో పీతల్ని వేటాడుతూ కనబడితే అదేననుకోండి.

ఇక ఇప్పుడు రంగుల దగ్గరికి రావచ్చు. ఉత్తరాదిన దీన్ని నవరంగ్ అంటారు. తొమ్మిదీ ఉన్నాయో లేవో లెక్కపెట్టడం నాకు సరదా. వీపు ఆకుపచ్చ. భుజం మీద, నడుము మీద మెరిసే నీలం. గొంతు తెలుపు. కంటి పట్టీ నలుపు. నెత్తి లేత గోధుమ, మధ్యలో పాపిడి తీసినట్టు నల్ల గీత. రొమ్ము పసుపు కలిసిన ఇసుక రంగు. పొట్ట కిందినుంచి తోక మొదలు దాకా కుంకుమ ఎరుపు. ఇక్కడికి ఏడే అయ్యాయి. గులాబీ రంగు కాళ్లు ఒకటి, ముక్కు ఒకటి కలుపుకుంటే తప్ప తొమ్మిది నిండవు. పేరు పెట్టినవాళ్లు కాళ్లు కూడా లెక్కపెట్టారంటే దగ్గరగా చూసినవాళ్లే అయ్యుండాలి. ఆడా మగా ఒకేలా ఉంటాయి, నెమళ్లలోలాగా పక్షపాతం లేదు. పిల్లలు మాత్రం కాస్త వెలిసినట్టుంటాయి.

ఇన్ని రంగులున్న పిట్ట కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడాలి కదా? కనబడదు! వెదురు పొదల కింద పది అడుగుల దూరంలో ఉన్నదాన్ని వెతుక్కోలేక జనం మెడలు నొప్పెట్టించుకుంటారు. కారణం సులువే. పై నుంచి, వెనక నుంచి చూసేవాడికి ఆకుపచ్చ వీపే కనబడుతుంది. ఎరుపంతా పొట్ట కింద దాచుకుంది. తెల్ల కనుబొమ, నల్ల పట్టీ కలిసి తల ఆకారాన్ని ముక్కలు చేస్తాయి, ఆకుల సందుల్లోంచి నేల మీద పడే ఎండ చుక్కల్లో అవీ కలిసిపోతాయి. భయమేస్తే ఎగరదు, కదలకుండా నిలబడిపోతుంది, లేదంటే రెండు గెంతుల్లో పొద వెనక్కు పోతుంది. మరీ తప్పనిసరైతే నేలకు దగ్గరగా ఎగురుతుంది. అప్పుడు నల్లటి రెక్కల కొసల్లో తెల్లటి మచ్చ తళుక్కున మెరిసి మాయమవుతుంది. చాలామంది అడవిలో దీన్ని మొదటిసారి చూడడమంటే ఆ తెల్ల మచ్చ చూడడమే.

రంగుల మాట అలా ఉంచి, మేత మీద ఉన్నప్పటి తీరు చూడండి. రెండడుగులు గెంతుతుంది, ఆగుతుంది. ఉన్న ఆ కాస్త తోకనే నింపాదిగా కిందికీ పైకీ ఆడిస్తుంది. ఓ ఆకును ముక్కుతో పట్టి పక్కకు విసురుతుంది. కింద వానపామో, చెదపురుగో, చిన్న నత్తో ఉంటే దాని పని అయిపోయినట్టే. తోటల్లో ఉంటే వంటింటి గిన్నెలు తోమే చోటికి వచ్చి మెతుకులు ఏరుకోవడానికీ మొహమాటపడదు.

పేర్ల సంగతి కాస్త చెప్పి ముందుకు పోతాను. 1766లో లినేయస్ దీన్ని కాకుల జాతిలో వేసి, కోర్వస్ బ్రాకియూరస్ అని రాసుకున్నాడు. పొట్టితోక కాకి అన్నమాట! యూరప్‌లో కూర్చుని బొమ్మలూ వర్ణనలూ చూసి జాతులు తేల్చేసిన రోజులవి. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని కాకుల్లోంచి విడదీసి, మన తెలుగు మాటనే తీసుకుని పిట్టా అని కొత్త జాతి పెట్టాడు. అందువల్ల ఆఫ్రికా నుంచి సాలమన్ దీవుల దాకా ఉన్న దీని బంధువులందరి ఇంటిపేరూ ఇప్పుడు పిట్టానే. ఈ మాట తెలుగువాళ్లు కలిసిన ప్రతిచోటా ఎవరో ఒకరు చెప్పనే చెబుతారు, నేనూ చెప్పేశాను.

నాకు అంతకంటే నచ్చిన పేరు తమిళులు పెట్టింది. ఆరుమణి కురువి. అంటే ఆరుగంటల పిట్ట. చలికాలమంతా తమిళనాడు, కేరళ, శ్రీలంక తోటల్లో ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లకు దీని దినచర్య బాగా తెలుసు. పొద్దున్న ఆరింటి ప్రాంతంలో, సాయంత్రం ఆరింటి ప్రాంతంలో ఈలేస్తుంది. రెండు స్వరాల ఈల, వీట్-ట్యూ. మొదటిది పైకి లేస్తుంది, రెండోది దిగిపోతుంది. ఈలేసేటప్పుడు నిటారుగా నిలబడి తల వెనక్కి వాల్చి ముక్కు ఆకాశానికెత్తుతుంది. ఒకటి మొదలుపెడితే, ఓ తోట అవతలి నుంచి ఇంకొకటి బదులిస్తుంది, అంతకవతలి నుంచి మూడోది. ఊసులాడుకుంటున్నాయని మనకనిపిస్తుంది గానీ, అది 'ఈ చెట్ల కింద నేనున్నాను, నువ్వు రాకు' అనే తగాదా. చలికాలంలో దీనికి జంటా గుంపూ ఏమీ ఉండదు. ఎవరి చోటు వారిది. పది నిమిషాల్లో హద్దులు తేల్చుకుని నోరు మూసుకుంటాయి, మళ్లీ సాయంత్రం దాకా ఆ తోటలో అలాంటి పిట్ట ఉందంటే ఎవరూ నమ్మరు.

ఈ ఈల మీద సింహళ పల్లెల్లో ఒక కథ చెప్పుకుంటారు. పూర్వం నెమలికి ఏ అందమూ ఉండేది కాదట. ఏదో పెళ్లికి వెళ్లాల్సొచ్చి, పొన్నంగి దగ్గర దాని మెరిసే దుస్తులు అరువడిగి తీసుకుందట. పెళ్లి అయిపోయింది, దుస్తులు తిరిగి రాలేదు. అప్పట్నుంచి పొన్నంగి 'అయిత్తం, అయిత్తం', అంటే నా బట్టలు, నా బట్టలు అని అడవంతా తిరుగుతూ అరుస్తోందట. పెళ్లికి నగ అరువిచ్చి తిరిగి చూడనివాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు కాబట్టి కథ మనకు ఇట్టే అందుతుంది. నా అనుమానమల్లా ఒకటే. బట్టలు పోయాయనుకుంటే, ఒంటి మీద ఇప్పటికీ ఉన్న ఆ తొమ్మిది రంగుల మాటేమిటి? ఆలోచిస్తే నాకు తోచిందేమిటంటే, ఆ కథ కట్టినవాళ్లు దాని ఈల రోజూ విన్నారు, దాన్ని చూసింది తక్కువ. వినబడుతుంది గానీ కనబడదు కాబట్టి, సిగ్గుతో పొదల్లో దాక్కుంటోందని అనుకున్నారు. పిట్ట స్వభావం మాత్రం సరిగ్గానే పట్టుకున్నారు.

ఇంత ఈల వేసినా శాస్త్రవేత్తలు దీన్ని అసలైన పాటల పిట్టల వరసలో కూర్చోబెట్టరు. పాటల పిట్టలు చిన్నప్పుడు పెద్దవాటిని విని పాట నేర్చుకుంటాయి, వాటి గొంతుపెట్టె నిర్మాణం కూడా అందుకు తగ్గట్టు జటిలంగా ఉంటుంది. పిట్టా కుటుంబం పక్క పంక్తి. వీటి గొంతుపెట్టె సాదాది, ఈల పుట్టుకతో వస్తుంది. ఆ మాటకొస్తే మన కవులు ఆకాశానికెత్తిన కోయిల ఆ పంక్తి దరిదాపుల్లో కూడా లేదు. కాకి మాత్రం దర్జాగా పాటల పిట్టల్లో ఉంది. శాస్త్రం తీర్పులు ఇలాగే ఉంటాయి, మనం పై కోర్టుకు పోలేం.

ఇప్పుడు మళ్లీ ప్రయాణం సంగతి. ఇది పిల్లల్ని కనేది ఇస్లామాబాద్ పక్కనున్న మార్గల్లా కొండల నుంచి నేపాల్ దాకా హిమాలయాల పాదాల్లో, మధ్య భారతపు కొండల్లో, పడమటి కనుమల ఉత్తర భాగంలో. చలికాలం గడిపేది దక్షిణాదిన, శ్రీలంకలో. డెహ్రాడూన్ అడవుల్లో పుట్టింది శ్రీలంక తోటకు చేరాలంటే రెండు వేల కిలోమీటర్లకు పైమాటే. చివర్లో సముద్రం కూడా దాటాలి. ప్రయాణికుడి బరువు చూస్తే యాభై అరవై గ్రాములు! రాత్రిపూట గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, డేగల బెడద ఉండదు. అందుకని రాత్రి ఎగిరి, తెల్లవారేసరికి ఎక్కడ నీడ దొరికితే అక్కడ దిగి, పగలంతా తిని బలం పుంజుకుంటుంది. నల్లమల లాంటి అడవి మీద తెల్లవారితే దాని అదృష్టం. నగరం మీద తెల్లవారితే దీపాలకు కళ్లు బైర్లు కమ్మి, అద్దాలకు కొట్టుకుని, మీ వసారాలో తేలుతుంది.

దీన్ని మనవైపు మొట్టమొదట శ్రద్ధగా రాసిపెట్టినవాడు జెర్డన్. అవును, కలివికోడిని లోకానికి చూపిన జెర్డనే. కంపెనీవారి వైద్యుడిగా నెల్లూరులో పనిచేసేటప్పుడు ఊరి జనాన్నీ యానాదుల్నీ అడిగి పిట్టల ముచ్చట్లు, తెలుగు పేర్లు పోగుచేశాడు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలోకి వచ్చి తలదాచుకున్న పొన్నంగిని ఆయన మొదటిసారి చూశాడట. తర్వాత నెల్లూరులో అలాగే గుడిసెల్లోకి, కొట్టాల్లోకి దూరినవి చాలా ప్రాణాలతో దొరికాయని 1862లో వచ్చిన తన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో రాశాడు. ఎప్పుడంటారా? ఎండాకాలం మొదట్లో, పడమటి గాలి విసురుగా కొట్టడం మొదలైన రోజుల్లో. ఎగరడంలో బలహీనమైన పిట్ట కాబట్టి, తూర్పు కనుమల నుంచి గాలి కొట్టుకొచ్చి ఇళ్లలో పడేసిందని ఆయన ఊహ. నెల్లూరు పడమటి గాలి తిన్నవాళ్లెవరూ ఆ ఊహను తప్పుపట్టరు. కానీ రెండు వేల కిలోమీటర్లు పోయేదాన్ని బలహీనమైనదని ఎలా అంటాం? పగటిపూట అది గెంతే తీరు చూస్తే మాత్రం ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. గాలి దోషం కొంత ఉండొచ్చు. అసలు సంగతి మాత్రం ఏంటంటే, ఆయన చూసినవి ఉత్తరానికి బయల్దేరి మధ్యలో దిగినవి. ఈరోజు నాకు వచ్చే ఫొటోల్లోనూ ఊళ్లు మారాయి, కొట్టాల బదులు అపార్ట్‌మెంట్లు వచ్చాయి, నెల మాత్రం అదే.

అలా దిగినదాన్ని ఏం చెయ్యాలో కూడా చెప్పేస్తాను. ముందు పిల్లిని గదిలో వేసి తలుపేయండి. పిట్ట తనంతట తాను గెంతుతూ తిరుగుతుంటే అసలు ముట్టుకోవద్దు, పెరటి వైపు తలుపు తెరిచి మీరు తప్పుకోండి. అద్దానికి కొట్టుకుని మగతగా ఉంటే, పల్చటి గుడ్డ కప్పి పట్టుకుని, బొక్కలు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్నచోట పెట్టండి. నోట్లో నీళ్లు పొయ్యకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం మెతుకులు, పాలూ అక్కర్లేదు. పిల్లలందరికీ తలా ఓసారి చూపించడం అసలే వద్దు, భయంతోనే చచ్చిపోతుంది. రెండు మూడు గంటలకు తేరుకుంటే సాయంత్రం చల్లబడ్డాక చెట్లున్న చోట పెట్టె మూత తీస్తే సరి. రెక్క వేలాడుతుంటే మాత్రం అటవీశాఖకు ఫోన్ చేయండి. ముద్దొచ్చిందని పంజరం కొనుక్కొస్తారేమో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. చట్టం లేకపోయినా, వానపాములు తవ్విపెట్టే ఓపిక మీకెన్నాళ్లుంటుంది?

ఉత్తరానికి చేరాక దాని బతుకే మారిపోతుంది. శ్రీలంకలో పూటకు పది నిమిషాలు ఈలేసిన పిట్ట, అక్కడ మే నెలాఖరు నుంచి మబ్బు పట్టిన రోజుల్లో పొద్దంతా అరుస్తుంది. జంట కడుతుంది. రోహిణి ఎండలు తగ్గి తొలకరి పడేసరికి గూడు పని మొదలు. నేల మీదో, తక్కువ ఎత్తు కొమ్మల పంగలోనో పుల్లలు, ఎండుటాకులు, గడ్డి వేళ్లతో గుండ్రంగా, పక్కన ద్వారం పెట్టి కడుతుంది. నాలుగైదు గుడ్లు, నిగనిగలాడే తెలుపు మీద ముదురు ఎరుపు, ఊదా చుక్కలు. వాన పడితేనే వానపాములు పైకొస్తాయి, వానపాములుంటేనే పిల్లల కడుపు నిండుతుంది. కాబట్టి రెండు వేల కిలోమీటర్ల ప్రయాణమంతా, నైరుతి రుతుపవనం అక్కడికి చేరే రోజులకు ముందుగా పోయి చోటు పట్టుకోవడానికే.

చూడాలనుంటే గుజరాత్‌లోని గిర్ అడవి దీనికి మంచి చోటు. కాకపోతే ఈమధ్య కెమెరాలవాళ్లు ఫోన్లో దీని ఈల రికార్డింగు పెట్టి దగ్గరకు రప్పించడం ఎక్కువైంది. నాకది అస్సలు నచ్చదు. ఎవడో తన చోటు ఆక్రమించాడనుకుని గూడు పని మానేసి అది పోట్లాటకు వస్తుంది, మీకు ఫొటో వస్తుంది, దానికి రోజు పోతుంది. ఆ అవసరం కూడా లేదు. గిర్‌కు వెళ్లినవాళ్లంతా సింహం కోసమే వెళతారు. చెట్టు కింద సింహం కనబడగానే జీపు ఆపుతారు. అప్పుడు డ్రైవరును ఇంజను కట్టెయ్యమనండి. సింహం ఎలాగూ నిద్రపోతూనే ఉంటుంది, చెవి అటు వాగు ఒడ్డు పొదల వైపు పెట్టండి. వానాకాలం కోసం జూన్ 16 నుంచి పార్కు మూసేస్తారు కాబట్టి, టికెట్లు మే చివరి వారానికో, జూన్ మొదటి వారానికో తీసుకోండి.